నాలుగో జోన్

డులూత్‌లో నవంబరు. కొండ మీది ఇళ్లన్నీ
సరస్సు వైపు మెడలు చాచి చూస్తున్నాయి.
అందులో ఒకటి, ముదురాకుపచ్చ చెక్కది,
తొంభై ఏళ్లది. గడపలో నిలబడి
ఇర్మా లాహ్తినెన్ అంది:
"పిల్లి తుమ్మినా మోగుతోంది.
పీకెయ్."

పీకడం, పెట్టడం నా బతుకు.
ఇరవై రెండేళ్లుగా ఈ ఊరి భయాలకు
తీగలు లాగుతున్నాను.

నేలమాళిగ మెట్ల కింద
పుల్లపళ్ల జామ్ సీసాల వెనక ఇనప్పెట్టె.
లోపల బ్యాటరీ నిండు చూలాలిలా ఉబ్బి ఉంది.
ఫోను తీగ గోడలోకి పోయి
అక్కడే ఆగిపోయింది.
అవతల వినే కంపెనీ మూతపడి పదకొండేళ్లట.
ఇన్నాళ్లూ ఈ ఇల్లు
ఎవరూ లేని ఊరికి ఫిర్యాదు చేస్తూ వచ్చిందన్నమాట.

మూత లోపలి వైపు, పెన్సిలుతో,
వాళ్ల నాన్న రాత:
ఒకటి, ముందు తలుపు. రెండు, వెనక తలుపు.
మూడు, ఇర్మా కిటికీ.
నాలుగు, రేయినో కిటికీ.

"దొంగల భయం అంతుండేదా?"
"దొంగలా? మా ఇంట్లో ఏముందని,
ఓ కుట్టుమిషనూ, నాలుగు గాలాలూ.
నాన్నకి ఇనప ఖనిజం రేవులో రాత్రి పని.
ఇది మా మీద కాపలా."

ఈ పాత పద్ధతి చాలా సాదా.
కరెంటు చుట్టూ తిరిగొచ్చినంతసేపూ ఇల్లు నిమ్మళం.
కిటికీ తెరిస్తే చుట్టు తెగుతుంది,
తెగితే కేక.

మీటరు పెట్టి చూస్తూ వచ్చాను.
ఒకటి సరే. రెండు సరే. మూడు సరే.
నాలుగోది, పైకెళ్లి
కిటికీ బార్లా తెరిచొచ్చినా
ముల్లు కదల్లేదు.
టార్చి వేశాను.
రెండు మరల మధ్య
రంగు ఊడిన హెయిర్‌పిన్ను ఒకటి,
వంచి, గట్టిగా బిగించి.

ఇర్మా నా చేతిలోంచి టార్చి తీసుకుంది.
"అమ్మది," అంది.
నవ్వింది కూడా. ఆ నవ్వు
చీకట్లో మెట్టు తప్పినట్టు
మధ్యలోనే ఆగిపోయింది.

"పదహారేళ్లప్పుడు రేయినో
చలికాలమంతా అందులోంచే దిగిపోయేవాడు,
వరండా కప్పు మీదుగా.
తెల్లారేసరికి బూట్ల నిండా మంచు.
ఎలా మోగదో అర్థమయ్యేది కాదు.
వాడిది అదృష్టం అనుకున్నాను.
నేను ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి
జానెడు ఎత్తానో లేదో
వీధి వీధంతా లేచింది.
ఎదురింటి సోదర్‌బర్గ్ గొడ్డలి పట్టుకొచ్చాడు.
ఇక మార్చి దాకా ఇల్లూ బడీ, బడీ ఇల్లూ."

మూడో జోన్ మరలు చూపించమంది.
చూపించాను.
ఇత్తడి ఇంకా మెరుస్తోంది. ఒక్క గీత లేదు.
ఎవరూ వాటి జోలికి పోలేదు.

నేనేమంటాను? నా బిల్లులో
ఇలాంటిదానికి పద్దు లేదు.
"ఒక్క పిన్నే దొరికిందేమో," అన్నాను.
"మా అమ్మ తల నిండా అవే," అంది.

మధ్యాహ్నానికి పాతదంతా ఊడొచ్చింది.
కొత్తవాటికి తీగల్లేవు,
సబ్బుబిళ్లంత తెల్లటి డబ్బాలు,
గాల్లోనే చాడీలు చెప్పుకుంటాయి.
తలుపులకి చెరొకటి పెట్టాను.
"రేయినో కిటికీకి రెండు పెట్టు," అంది.
మెట్లెక్కితేనే ఆయాసపడే ఆ పెద్దమనిషి
వంతెన అవతల పైపుల కొట్టు నడుపుతున్నాడట.

మూడో కిటికీ దగ్గర స్టూలు వేస్తుంటే
చెయ్యి అడ్డం పెట్టింది.
"దీనికి వద్దు."
"ఇక్కణ్ణుంచి ఎవడైనా..."
"రానీ. నాకిప్పుడు అరవై ఒకటి.
ఈ ఇల్లు నాకో కిటికీ బాకీ."

జానెడు ఎత్తింది.
సరస్సు మీది చలి
చెప్పులిప్పకుండా లోపలికొచ్చింది.
ఇద్దరం, ఎందుకో, చెవులు రిక్కించి నిలబడ్డాం.

ఏమీ మోగలేదు.
కింద పిల్లి తుమ్మింది.