తదుపరి ఉత్తర్వుల వరకు

పావుతక్కువ ఆరుకి వచ్చింది ఆ కాగితం,
సెక్రటేరియట్ నుంచి బండి మీద, వానలో, చొక్కా లోపల.
జియాలజీ జమలమ్మ మేడం పేరు,
దాని పక్కన ఇన్‌ఛార్జి వైస్ ఛాన్సలర్,
దాని కింద "తదుపరి ఉత్తర్వుల వరకు".
అప్పటికి పదిహేడేళ్ళుగా పేషీలో టైపు కొడుతున్నవాణ్ణి.
ఆ మాటకి ఆయుష్షెంతో తెలుసు నాకు:
వారం. మహా అయితే నెల.
ఈమెకి మూడేళ్ళ రెండు నెలలు పట్టింది.

కుర్చీ ఎత్తు. ఆమె కాళ్ళు నేలకి అందలేదు.
కొత్తది కొందామని ఇండెంటు రాస్తే కొట్టేసింది.
డిపార్ట్‌మెంటు నుంచి రాతి నమూనాల చెక్కపెట్టె తెప్పించి
కాళ్ళకింద పెట్టుకుంది.

ఆ ఏడే సీట్లు రెట్టింపు చేశారు పైవాళ్ళు.
కోర్సులు పెరిగాయి, శిలాఫలకాలు పెరిగాయి,
మెస్సులో పప్పు పలచబడింది.
పాఠం చెప్పేవాళ్ళు మాత్రం ఏటా ఇద్దరు ముగ్గురు
శాలువా కప్పించుకుని గేటు దాటిపోయేవాళ్ళు.
పోస్టుల ఫైలు పోయేది,
కొర్రీ వేసుకుని తిరిగొచ్చేది,
అత్తారింటి నుంచి అలిగొచ్చిన పిల్లలాగా.

ఏప్రిల్లో ఒక రాత్రి బోర్లు గాలి కక్కాయి.
ఆడపిల్లల హాస్టలు మొత్తం బకెట్లతో రోడ్డు మీద.
డ్రైవర్ ఖదీర్ కారు తీసేలోపే
హవాయి చెప్పులతో నడిచొచ్చి
వాళ్ళ మధ్య డివైడర్ మీద కూర్చుంది.
"రాసియ్యి మేడం, నోటిమాటలు శాన యిన్నం" అన్నాడు మల్సూర్.
అతని నోటుబుక్కే అడిగి, నడిమధ్య గీత గీసింది.
ఇటు చేయగలిగినవి:
పొద్దున ఆరుకి ఎనిమిది ట్యాంకర్లు, నా క్వార్టర్ బోరు,
గెస్ట్‌హౌస్‌లో ఖాళీ గదులు.
అటు చేయలేనివి.
అటు రాస్తూనే ఉంది. పేజీ తిప్పింది.
జిందాబాదూ లేదు, డౌన్ డౌనూ లేదు.
ఎవరో బకెట్టు బోర్లించి మల్సూర్‌ని కూర్చోమన్నారు.

అన్నీ గెలవలేదు.
గెస్ట్ లెక్చరర్లకి నాలుగు నెలలు జీతం లేదు.
ఉర్దూ చెప్పే తస్లీమ్ సారు రాత్రిళ్ళు బైకు టాక్సీ నడిపి
చివరికి రాజీనామా ఇచ్చాడు.
ఆమోదించనూ లేదు, తిప్పి పంపనూ లేదు,
సొరుగులో పెట్టి తాళం వేసింది.
అది పిరికితనమో ఇంకేమైనానో
నాకిప్పటికీ తేలలేదు.

ఇక ఆ గుట్ట.
కొత్త హాస్టలుకి ఇంజినీర్లు చూపించిన చోటు.
ముప్పై ఏళ్ళు ఫస్టియర్ పిల్లల్ని తీసుకెళ్ళి
"రాయి మీద రాయి ఎవరూ పేర్చలేదమ్మా,
చుట్టూ ఉన్నది కరిగిపోగా మిగిలింది ఇది" అని
ఆమె తొలిపాఠం చెప్పిన చోటు.
మూడు వారాలు ఫైలు బల్ల మీదే.
పల్లంలో కడదామంటే
పెద్దవానకి చెరువు వచ్చి తన జాగా అడుగుతుంది.
కట్టకపోతే ఆరువందల మంది
ఒక్కో మంచానికి ఇద్దరు.
"రెండొందల యాభై కోట్ల ఏళ్ళు" అంది, నాతో కాదు.
ఆకుపచ్చ ఇంకు. రెండు సెకన్లు.

పేల్చేరోజు సెలవు పెట్టలేదు.
తాడు ఇవతల, చెవులు మూసుకోకుండా నిలబడింది.
దుమ్ము దిగాక పోయి
అరచేతంత ముక్క ఏరుకొచ్చి పెట్టెలో వేసింది.
ఆ మధ్యాహ్నం నాతో పద్నాలుగు ఉత్తరాలు కొట్టించింది, అన్నీ పోస్టుల కోసమే.

కిందటి సోమవారం తదుపరి ఉత్తర్వులు వచ్చాయి.
బోర్డు మీద బంగారు రంగు పేర్లు రాసే పెయింటర్ వచ్చాడు.
ఇన్‌ఛార్జీల పేర్లు రాయరు, రూలు.
పాత సారు కిందే కొత్త సారు,
నడుమ వేలు పట్టేంత సందు కూడా లేదు.
కొత్త సారు పొడగరి.
బూటుకి తగిలింది పెట్టె.
"ఏమిటిది? తీసెయ్."

తీశాను.
ఇప్పుడది నా బల్లకింద ఉంది.
ఇరవయ్యేళ్ళుగా నా కాళ్ళు కూడా
నేలకి అందడం లేదని
ఇవాళే తెలిసింది.