తూకం చీటీ వెనక

డిసెంబరు ముప్పై. పలమనేరు రోడ్డు మీద మంచు.
బెల్లం లారీ ఒకటి కాటా ఎక్కి దిగిపోయినాక
ఇంకో గంటదాకా ఎవరూ రారు.
పాడైపోయిన తూకం చీటీ ఒకటి తిరగేసి
ఒకటి నుంచి పది దాకా అంకెలేసి కూర్చున్నా.

ఈ ఏడు నలభై మూడు బొమ్మలు చూసినా.
ప్యాంటు జేబుల్లో నలిగి, సబ్బు నీళ్ళల్లో మునిగి
బతికి బయటపడిన టికెట్లు పంతొమ్మిది.
కొత్త రకం కాగితం, ఎండ తగిలితే అచ్చు మాయం.
ఏడు టికెట్లు తెల్లగా ఉండాయి,
ఏ సినిమావో అవి కూడా మరిచిపోయినట్టు.

చెంగల్రాయుడి లిస్టు నిన్ననే వచ్చేసింది.
వాడిది వసూళ్ళ లెక్క,
ఏది ఎన్ని వారాలు ఆడింది,
ఏ హాలు ముందర ఎన్ని పాల ప్యాకెట్లు పగిలినాయి.
దిల్షాద్ టీచరమ్మ లిస్టులో అన్నీ
మన చిత్తూరికి రాని సినిమాలే.
బస్సెక్కి వేలూరు పోయి చూసొస్తాది,
తెర కింద అక్షరాలు చదువుకుంటా ఏడ్చొస్తాది.
"నీదెప్పుడప్పా దామోదరం?" అంటా ఉండారు ఇద్దరూ.

నాకు తెలిసిన పని ఒకటే.
నిండు లారీ తూకంలో నుంచి
ఖాళీ లారీ తూకం తీసెయ్యడం.
హాల్లోకి పోయేటప్పుడు నేనెంత,
బయటికొచ్చేటప్పుడు నేనెంత.
మధ్యలో తేడా సినిమాది.

అట్ల చూస్తే
ఆరు ఊళ్ళు తగలబెట్టిన ఆ పెద్ద బొమ్మ
సున్నా కిలోలు.
విజిలేసిందీ నేనే, చొక్కా తడిసేట్టు చిందేసిందీ నేనే.
స్టాండులో బండి తీసేలోపల దిగిపోయింది.
అయినా ఎనిమిదిలో పెట్టినా.
చిందేసిన కాళ్ళకి ఆ మాత్రం మర్యాద ఇయ్యాల కదా.

నాలుగోది కుట్టుమిషనామె కథ.
కథ సరిగ్గా గుర్తు లేదు.
సూదిలో దారం ఎక్కించడానికి
కొన నోట్లో తడుపుకుంటాది, మూడు సార్లు.
మూడోసారి హాలంతా ఊపిరి బిగబట్టింది.
హాలంతా అంటే పదకొండు మందిమి.
దారం ఎక్కినాక వెనక వరసలో ఎవురో
"హమ్మయ్య" అన్నారు.

రెండోది చెప్తే చెంగల్రాయుడు నవ్వుతాడు.
మాటలాడే ఉడత బొమ్మ.
మా చెల్లెలి కొడుకు
"ఉడతకి అమ్మ లేదా మామా" అని అడిగి
జవాబు కోసం చూడకుండా నా చెయ్యి పట్టుకున్నాడు.
తర్వాత తెర మీద ఏమైందో నాకు తెలీదు.

మొదటి అంకె దగ్గర పెన్ను ఆగింది.

జూలై నెల. తోతాపురి లారీలు రోడ్డు పొడుగునా నిలబడి
కొనే నాథుడు లేక, కాయలు కారి,
ఊరంతా పులిసిన వాసన కొట్టిన వారం.
మూడు రాత్రులు కాటా దగ్గరే ఉండి
నాలుగో రాత్రి సెకండ్ షోకి పోయినా.
చీకట్లో ఎవురో వచ్చి పక్క సీట్లో కూలబడినాడు.
వాసనని బట్టి తెలిసింది, మామిడికాయల మనిషే.

పడి లేచి పడే రకం కామెడీ.
వాడు నవ్వినాడు.
దగ్గు వచ్చేదాకా నవ్వి, దగ్గి, మళ్ళా నవ్వి
నా మోకాలి మీద చరిచినాడు.
చరిచిన చెయ్యి అక్కడే పెట్టి మరిచిపోయినాడు.

లైట్లు వెలిగితే గంగులప్ప.
పొద్దున ఫ్యాక్టరీ గేటు వెనక్కి పంపిన లోడు వాడిది,
తూకం రాసింది నేను.
"నువ్వా కాటా సారూ" అని
చెయ్యి తీసేసుకున్నాడు.

ఆ సినిమా ఎవురి లిస్టులోనూ ఉండదు.
తీసినోడి తల్లి కూడా పెట్టదు.
నా దగ్గరుండే టికెట్టు తెల్లబడింది, పేరు గుర్తు రాదు.
మోకాలి మీద మాత్రం
ఇంకా ఎంతో కొంత బరువు.

ఒకటి ఎదురుగా 'మోకాలు' అని రాసినా.
మూడు, ఐదు, ఇంకా కొన్ని ఖాళీగానే ఉండాయి.
ఫోటో తీసి ఇద్దరికీ పంపినా.

దిల్షాద్ అడగతా ఉండాది,
"మోకాలు అనేది ఏ భాష సినిమా? వేలూరులో ఆడిందా?"

ఇంకో బెల్లం లారీ హారన్ కొడతా ఉండాది.
వస్తా ఉండా, అని లేచినా.