కుట్లు ఊడదీస్తూ

వేసవంతా నా పని ఇదే:
బ్లేడు మొనతో జెర్సీల వెనక పేర్లు ఊడదీయడం.
అమ్ముడుపోయినవాళ్ళు, అలిగి వెళ్ళినవాళ్ళు,
జీతాలు బాకీ పడితే గోవా రైలెక్కినవాళ్ళు,
పదకొండు మందిలో తొమ్మిది మంది
నా ఒళ్ళో దారప్పోగులైపోయారు.
పేరు పోయినా అచ్చు పోదు.
ఎండ తగలని ఆ చోట
అక్షరాల ఆకారంలో నీలం ముదురుగా మిగిలిపోద్ది.

కంచరపాలెం దిగువన మా గ్రౌండు.
ఓ గోలు వెనకాల గూడ్సు బళ్ళు
పోర్టుకి ఇనప ఖనిజం మోసుకుపోతుంటాయి.
ఎండాకాలం సాయంత్రం గాలి మళ్ళితే
తెల్ల మేజోళ్ళు ఉతికినా ఎర్రగానే ఉంటాయి.
గ్యాలరీ అంటే ఐదు మెట్లు.
తుఫాను ఎత్తుకుపోయిన రేకులు
ఇంకా ఎవరూ తెచ్చి వెయ్యలేదు.

జులైలో పేపరోళ్ళు అంచనా వేశారు.
పది జట్లలో పదోది మాది.
ఒక్కో జట్టుకీ పేరాలు పేరాలు రాసినోడు
మా దగ్గరకొచ్చేసరికి సిరా పొదుపు చేశాడు:
"విశాఖ గురించి చెప్పుకోడానికేం లేదు."

కుర్రాళ్ళు ఆ ముక్క కత్తిరించి
గది తలుపుకి అంటించబోతే
కోచ్ వరహాలుగారు చూసి, తీసీండన్నారు.
"కోపం పది నిమిషాలే పరిగెడుతుందిరా.
ఆట తొంభై."

జాలరిపేట గోలీ, మైలపల్లి పోలిరాజు,
గ్లౌజులు విదిలించుకుంటూ అన్నాడు:
"మా పేటలో వేటకెళ్ళేవాణ్ణి
ఎన్ని పడతాయని ఎవరూ అడగరండి.
అడిగితే వల బరువెక్కుద్దంట.
ఈ ఊరు మనల్నేం అడగట్లేదు.
మంచిదే కదా."

మొదటి ఆట మూడు గోల్స్‌తో పోయింది.
ఎవరూ తిట్టలేదు.
తిట్టడానికైనా
ఎవరో ఒకరు ఆశపడి ఉండాలి.

పోయిన ఏడు పది లక్షలోడు ఉండేవాడు.
కాలికి బంతొస్తే వెనక్కే ఇచ్చేవాడు,
తప్పు కొడితే రేపు పేపర్లో పడుద్దని.
వాడి చోట ఇప్పుడు పాంగి సోమ్రా,
ముంచంగిపుట్టు అవతల్నించి వచ్చాడు.
పద్దెనిమిదేళ్ళు, ఒంటి మీద కండ లేదు.
అడ్డంగా కొడతాడు, గాల్లోకి కొడతాడు,
మనిషన్నవాడు లేని చోటికి కొడతాడు.
నాలుగో ఆట నాటికి
అక్కడికి ఒకడు చేరుకోవడం మొదలెట్టాడు.

ఆ వారం వాన. బురదలో బంతి ఆగి ఆగి దొర్లి
పట్టికలో పైనున్న జట్టు గోల్లోకి
ఏదో పని మరిచిపోయి వెనక్కొచ్చినట్టు వెళ్ళింది.
మెట్ల మీద నలభై మంది ఉంటారేమో.
గూడ్సు బండి డ్రైవరు కూత వేశాడు,
మా కోసమో, సిగ్నల్ కోసమో.

తర్వాత ఇంకోటి గెలిచాం. ఒకటి సమం.
ఒకటి ఘోరంగా పోయింది, అదీ చెప్పాలి.

నిన్న టీ కొట్టు నూకాలమ్మ,
ఎనిమిదేళ్ళుగా ఆట ఉన్న రోజు
బేరాల్లేవని పెందలాడే కట్టేసే మనిషి,
చిల్లర ఇస్తూ అడిగింది:
"మళ్ళీ ఆదివారమేనా బాబూ? గెలుస్తారు కదా?"
గ్లాసు చేతిలో బరువెక్కింది.
ఏం చెప్పాలో తెలీక
పంచదార ఎక్కువైందన్నాను.

ఇవాళ ఆఫీసు నుంచి కబురు:
ఇక పేర్లు కుట్టించండి, డబ్బులిస్తాం.
మూడు నెలలు అంకెలతోనే ఆడారు,
ఎవడుంటాడో ఎవడు పోతాడో అని.
రాత్రి లైటు కింద ఏడో నంబరు పరిచాను.
సోమ్రాది పొట్టి పేరు.
పాత పేరు అచ్చు అటూ ఇటూ
ఇంకా తొంగి చూస్తూనే ఉంది.
దారానికి ముడి వేశాను.
కుట్టు మరీ బిగించలేదు.