ఊరు అనే గడి

రావులపాలెం అరటి మార్కెట్ వెనక షెడ్డులో
ఎనిమిది బాక్సులు, రెండు ఆంప్లిఫయర్లు,
ఒక మిక్సరు, దగ్గుతూ తిరిగే డీజిల్ జనరేటరు.
నా ఆస్తి ఇంతే.
పెళ్లికి మోగుతాను, తీర్థానికి మోగుతాను,
ఓట్లప్పుడు అన్ని పార్టీలకీ మోగుతాను.
గొంతు ఎవరిదైతేనేం, తీగ నాది.

ఆ సాయంత్రం మినీ వ్యాన్లోంచి దిగారు అయిదుగురు.
నల్ల టీషర్టుల మీద సున్నంతో గీసుకున్న అడవిదున్న కొమ్ములు.
ముచ్చిక రాజులమ్మ భుజాన ఎర్ర గిటారు,
ఒక మర విరిగిపోతే
వెదురు పుల్ల చెక్కి బిగించారు.
ఉంగయ్య డోలు దించి డ్రమ్ సెట్టు పక్కన పెట్టి
"దీనికో మైకు వెయ్యన్నా,
లోపల మా తాత ఉన్నాడు" అన్నాడు.
నేను నవ్వాను. అతను నవ్వలేదు.

సౌండ్ చెక్ అంటే ఎవరైనా
ఒకటీ రెండూ మూడూ అంటారు.
ఆ పిల్ల ఊళ్ల పేర్లు చదివింది.
ఒక్కో పేరుకీ మిక్సరు మీద
ఎర్ర దీపం వెలిగి ఆరింది.
పదిహేడు లెక్కపెట్టాను.
"చాలమ్మా, వినబడతంది."
"ఇంకా ఉన్నాయి" అంది.

కాలవ గట్టు మీద సగం కుర్చీలే నిండాయి.
కాలేజీ కుర్రాళ్లు, కొబ్బరి దింపువాళ్లు,
దాళ్వా ఊడ్పులు ముగించి కాళ్ల బురదతోనే వచ్చిన ఆడాళ్లు.
గిటారు ఒక్కసారి రంపంలా అరిచింది,
చెట్టు మీద కొంగలన్నీ లేచి
మళ్లీ ఎక్కడ వాలాలో తెలీక తిరిగాయి.
అప్పుడు పాడింది:

పట్టా ఏదని అడిగావు కదా
వానకి మా కొండ అరిగి
ఏటిలో పడి నీ దాకా వచ్చి
నీ మడి అయ్యింది కదా
నీ పొలానికి పట్టా నేనివ్వాల
నీ పేరు చెప్పు, రాసిస్తా

పిడతకింద పప్పు కలిపే వెంకాయమ్మ
నిమ్మకాయ పిండడం మానేసి అలాగే నిలబడింది.
నాకు లాకు దిగువన డెబ్బై సెంట్లుంది.
పైన కట్ట లేస్తే
దాళ్వాకి నీళ్లకి ఢోకా లేదని చెప్పిన సభలో
చప్పట్లు కొట్టినోణ్ణే నేనూ.
ఆ సభకి మైకు కూడా నాదే.

పదయ్యేసరికి ఎస్సైగారు వచ్చి
నా భుజం మీద లాఠీ ఆనించి
"తగ్గించు" అన్నారు.
ఆయ్ అన్నాను.
గొంతు తగ్గించాను. గిటారు తగ్గించాను.
నా వేళ్లకి అది కొత్త పనేం కాదు.
డోలు మైకు మాత్రం మర్చిపోయాను.
మర్చిపోయానని ఆయనతో అన్నాను,
మా ఆవిడతోనూ అలాగే అన్నాను.
పావుగంటసేపు
కుర్చీల ప్లాస్టిక్కు కూడా వణికింది.
ఎడమవైపు బేసు బాక్సు కోను చిరిగిపోయింది.
ఇప్పటికీ మార్చలేదు. కారణమేం లేదు,
డబ్బుల్లేకే.

అర్ధరాత్రి టార్చి వెలుగులో బిల్లు రాశాను.
పేరు. తేదీ. బాక్సులు ఎన్ని.
ఊరు.
"పునరావాస కాలనీ, ఏడో వరస" అని ఉంగయ్య చెప్పబోతుంటే
రాజులమ్మ పెన్ను లాక్కుని
గడి దాటిపోయేలా రాసింది:
ఇప్పలగొంది.
"ఎక్కడమ్మా ఇది?"
"కింద."
"ఏ కింద?"
"నీళ్ల కింద.
కార్బను సరిగ్గా పడాలని నొక్కి రాశా."

అద్దెలో మూడొందలు తక్కువైతే
బదులుగా రెండు కొండచీపుర్లు ఇచ్చారు.
మా ఇల్లు వాటితోనే ఊడుస్తున్నాం.

మొన్న ముమ్మిడివరం పెళ్లివారికి బిల్లిచ్చాను.
పెళ్లికొడుకు బాబాయి కాయితం దీపానికి ఎత్తి
ఏటవాలుగా తిప్పి తిప్పి చూశాడు.
"ఏవండీ, మా ఊరి కింద
ఇంకో ఊరు పడినట్టుందేంటి?"

ఇంకు లేదు, గాడి మాత్రం ఉంది.
పుస్తకం తిరగేశాను.
తీర్థం బిల్లు మీద, పార్టీ బిల్లు మీద,
ఇంకా రాయని తెల్ల బిల్లుల మీద కూడా.

"ఆయ్" అన్నాను,
"ఉందండి."