వేలెడు సందు

మోంటెవిడియో రేవుగాలికి
ముఖం నల్లబడ్డ మేడ అది.
ఒకప్పటి 'లా మరేయా' పత్రికాఫీసు.
మరేయా అంటే ఆటుపోటు.
ఇప్పుడు గుమ్మం మీద హోటలు పేరు,
ప్లాస్టిక్ కాగితం ఇంకా ఒలవలేదు.

నా పేరు నెలీదా. నాది గచ్చుపని.
పదకొండు నెలలుగా దాని చూరు కింద పరంజా కట్టుకుని
సున్నమూ ఎద్దువెంట్రుకలూ కలిపి
రాలిన ద్రాక్షగుత్తుల్ని మళ్లీ కాయిస్తున్నాను.

మొదట తెలిసింది ఇదీ:
కింది హాల్లో పాలరాతి స్తంభాలు పాలరాయి కావు.
ఇనపకమ్మికి గచ్చు తొడిగి, రంగు నరాలు గీసి,
మైనం రుద్దారు.
నిజం అమ్మే ఇంట్లో
గడప దాటగానే మొదటి అబద్ధం.
ఎంత బాగా ఆడారో!
గోటితో గీకితే తప్ప పట్టుబడదు.

గుమ్మటం మాత్రం నిజమే, రాగిరేకు.
దాని కొసన కంచుబొమ్మ, ఆమె చేతిలో లాంతరు.
యుద్ధం ముగిస్తే ఆకుపచ్చ,
ఓడ మునిగితే ఎరుపు.
ఒకసారి ఫుట్‌బాల్ గెలిచామని రెండూ వెలిగించి
వీధంతా ఫ్యూజు కొట్టేశారట.

ఇవన్నీ చెప్పింది కసియానో ఎచెవెర్రి,
ముప్పైయొక్క ఏళ్లు లైనోటైపు ముందు కూర్చున్నవాడు.
మాతే కషాయం గిన్నెతో మధ్యాహ్నాలు వచ్చి
కింద నిలబడి నాకు తప్పులు చూపిస్తాడు:
"ఎడమ సింహానికి మీసం తక్కువ."
బతుకంతా అక్షరాన్ని తిరగేసి చదివాడు.
అంబులెన్సు నుదుటి మీది పేరు
అతనికి అద్దం లేకుండానే సూటిగా కనిపిస్తుంది.

రాత్రి రెండుంబావుకి
నేలమాళిగలో యంత్రం కదిలేదట.
వెనక సందులో రొట్టెల క్రెసెన్సియో
గూట్లో గ్లాసులు గలగలమనగానే
పిండిముద్దల్ని పొయ్యిలోకి తోసేవాడు.
గడియారం ఎన్నడూ కొనలేదు.

తర్వాత సైనికుల ఏళ్లు.
రెండో అంతస్తు కిటికీ పక్క బల్ల దగ్గర
ఎర్ర పెన్సిలుతో ఒక కెప్టెను.
కొట్టేసిన చోటు తెల్లగా వదిలేస్తే
మర్నాటికి తెలుపు కూడా నిషేధం.
ఆ గళ్లలో వంటకాలు వేశారు.
ఉప్పు కొలత కావాలనే తప్పు దిద్దింది ప్రూఫుల సుల్మా:
చేపల పులుసుకి పదకొండు గరిటెలు.
ఊరు ఊరంతా అర్థం చేసుకుంది.
అచ్చుతప్పే ఒక్కోసారి అచ్చమైన మాట.

ఒక గురువారం గ్లాసులు మోగలేదు.
తెల్లారినా పిండి పిండిగానే ఉంది.
పత్రిక పోయిందన్న వార్త
రొట్టెల కొట్టు ముందు వరసలో తెలిసింది జనానికి.

మొన్న నేలమాళిగలో తడిగోడ చెక్కుతుంటే
నాలుగు వైపులా, గోడకీ యంత్రపు దిమ్మెకీ మధ్య
వేలెడు సందు. నిండా బెండు.
వణుకు మేడకి అంటకూడదని
యంత్రానికి వేరే పునాది వేశారు కట్టినవాళ్లు.
కసియానో మోకాళ్ల మీద వంగి చూపుడువేలు దూర్చాడు.
"మరి గ్లాసులెలా మోగాయి?"
నాకేం తెలుసు.

ఇంజనీరు చీటీ పంపాడు: సిమెంటు పోసి మూసేయండి.
అక్కడ వేడినీళ్ల తొట్లు వస్తాయట.
నిన్ననే ద్వారబంధం మసి కడిగాను,
కింద చెక్కిన మాట ఒక్కటే బయటపడింది:
రాయి.
రాతికి చెప్పారో, మనిషికి చెప్పారో.

మూడు వైపులు మూశాను.
రొట్టెల కొట్టు వైపు వదిలేశాను.
బిల్లులో నాలుగు వైపులూ అని రాశాను.
కసియానో ఆ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చదివి,
ఉప్పు సరిపోయింది, అన్నాడు.