ముప్పావు సెకను

కోడుమూరు దారిలో రేకుల కొట్టం.
ఉరుకుందు చిన్నాయన ఉల్లిగడ్డల కుప్ప
కడుపులోకి మూడు మీటర్ల తీగ దించాను.
కొసన చిటికెన వేలంత సెన్సర్,
ఇవతల నా ఒళ్లో అగ్గిపెట్టెంత బోర్డు.

మొదటి జవాబు:
మైనస్ నూట ఇరవై ఏడు.
"ఎంతరా?" అన్నాడు చిన్నాయన.
చెప్పాను.
"అట్లయితే దుప్పటి తెస్తా ఉండు" అన్నాడు, నవ్వకుండా.

అది చలి కాదు.
అవతల ఎవరూ పలకనప్పుడు
తెర మీద పడే అంకె.
తీగ వెంట తడుముకుంటూ పోతే, ఎలుక కొరికిన చోటు.
పళ్లతో ఒలిచి, మెలిపెట్టి, టేపు చుట్టి
మళ్లీ అడిగితే
ఎనభై ఐదు.

ఈసారి లేచి నిలబడ్డాడు.
"లోపల కాలిపోతాందా?"
కాదు చిన్నాయనా,
నిద్రలేవగానే అది అనే మాట ఎనభై ఐదు.
ఇంకా కొలవలేదని అర్థం.
తప్పు నాదే. కొలవమని చెప్పి
ఊపిరి తీసుకోనీకుండా జవాబు లాక్కున్నాను.

కోడ్‌లో ఒక్క వరుస కలిపాను:
ఏడు వందల యాభై మిల్లీసెకన్లు ఆగు.

ఆ సందులోనే
యార్డు నుంచి ఫోను.
ధర వినకముందే చిన్నాయన ముఖం మారిపోయింది.
అదీ ఎనభై ఐదే.

ముప్పై నాలుగు పాయింట్ రెండు ఐదు.
పర్వాలేదు, అన్నాను.
గడ్డలు ఏరుతున్న సుంకులమ్మవ్వ తెర వైపు చూడలేదు.
కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి
"సెగ ఈడ పుట్టింది. ఆడ పెట్టుకోని ఏం సూస్తావు?"
జానెడు దూరం.
తీగ జరిపాను.
నలభై ఒకటిన్నర.

పొద్దుగూకేదాకా కుప్ప తోడాం.
కుళ్లినవి రెండు గంపలు. వాసన
గోళ్ల సందుల్లో ఇప్పటికీ ఉంది.
అలసటలో బోర్డు ఆపడం మరిచాను.
దూలానికి వేలాడుతూ సెన్సర్
నిమిషానికొకసారి
ఉత్త గాలిని కొలుస్తూనే ఉంది.

తెల్లారి అంకెలు చూశాను.
ఇరవై ఏడు, ఇరవై ఏడు, ఇరవై ఆరున్నర.
రాత్రి రెండుంబావు దగ్గర మాత్రం
పదకొండు వరుసలు
ముప్పై మూడు.

ఎవరో దాన్ని పిడికిట్లో పట్టుకుని
అంతసేపు కూర్చున్నారు.

నేను అడగలేదు.
చిన్నాయన కళ్లు ఎర్రగా ఉన్నాయి.
గడ్డల ఘాటు, అన్నాడు.