తీసివేయగా

బ్రిస్టల్‌లో ఆ ఫిబ్రవరి అంతా
టైర్ల కొట్టు వెనక గదిలోనే ఉన్నాం.
గోడలకి గుడ్ల అట్టలు, నేలమీద బకెట్.
కప్పులోంచి కారే చుక్క కూడా తాళం తప్పేది కాదు.

మా అసలు బ్యాండ్ అప్పటికే అలిసిపోయింది.
గిటార్ మీద గిటార్, కేక మీద కేక,
సంతలో బేరంలా ఎవరి మాట వాళ్లదే.
కొన్నాళ్లు పేరు మార్చుకుని
వేరే ఏదైనా చేద్దామంది టామ్సిన్.
కార్న్‌వాల్ గనుల ఊరిది. డ్రమ్ము మీద దెబ్బ వేస్తే
నేల అడుగున పేలినట్టుంటుంది.

లిన్వాల్ గారు సాయంత్రాలు వచ్చేవారు,
బస్సు డిపోలో డ్యూటీ దిగి, టోపీ తీయకుండా.
జమైకా నుంచి ఓడెక్కినప్పుడు
పెట్టెలో బట్టలకన్నా వాల్వులే ఎక్కువ సర్దుకున్న మనిషి.
మేం వాయించిన పద్నాలుగు నిమిషాలూ విన్నారు.
"బాగుంది," అన్నారు. "ఇక తీసేద్దామా?"

ముందు నా గిటార్ తీశారు,
ఒక్క వేలితో, అన్నంలో రాయి ఏరినట్టు.
నా చెవులు వేడెక్కాయి.
కాసేపాగి ఒకే ఒక్క మీటు వెనక్కి వదిలారు.
అది ఎకోలో తిరిగి తిరిగి
ఎవరో నన్ను దూరం నుంచి పిలుస్తున్నట్టు
గది దాటి, టైర్లు దాటి, ఎటో పోయింది.
పదేళ్లుగా వాయిస్తున్నాను.
నా చేతిని నేను వినడం అదే మొదలు.

స్ప్రింగుల డబ్బాని కాలితో తన్నారు: ఉరిమింది.
టేపుని చీపురుకర్ర చుట్టూ తిప్పి
కర్ర నన్ను పట్టుకోమన్నారు.
నూలు చిలప పట్టుకున్నట్టు అరగంట నిలబడ్డాను.
టామ్సిన్ కొట్టిన ఒకే దెబ్బ
నా ముందు నుంచి వెళ్తూ, వస్తూ, అరుగుతూ.

మిగిలింది హ్యూ గొంతు.
నవంబర్‌లో మమ్మల్ని వదిలి వెళ్లాడు.
ఎందుకో చెప్పలేదు. మేమూ గట్టిగా అడగలేదు.
పాత రీలులో అతని పాట ఒకటి ఉంది.
లిన్వాల్ గారు మాటలన్నీ మూసేశారు.
పాడబోయేముందు పీల్చిన ఊపిరి మాత్రం ఉంచారు.
దాన్నే తిప్పారు.
ఊపిరి. ఊపిరి. ఊపిరి.
మాట రాదు.
టామ్సిన్ కెటిల్ పెడతానని లేచి వెళ్లింది,
కెటిల్ అప్పటికే మరుగుతోంది.

మూడు వందల కాపీలు వేశాం.
బంగాళదుంప చెక్కి అట్టల మీద ముద్రలు కొట్టాం.
అరవై పోయాయి.
వీళ్లు పాటని ఇంట్లో మర్చిపోయి వచ్చారని ఒక పత్రిక రాసింది.
మిగతావి నా మంచం కింద.
ఒక కోడు పొట్టిది, దానికి ఎత్తుగా నాలుగు.

హ్యూకి ఒకటి పంపాం, వాళ్లక్క చిరునామాకి.
జవాబు లేదు.
జూన్‌లో ఒక రాత్రి ఫోను మోగింది.
ఎత్తితే ఎవరూ మాట్లాడలేదు.
నేనూ పెట్టేయలేదు.
వెనకెక్కడో బేస్ నడుస్తోంది,
దాని సందులో మా బకెట్లో పడే చుక్క.
కాసేపటికి
రికార్డు రెండోవైపు తిప్పిన చప్పుడు.